వైజాగ్ ద్వారకానగర్‌లో మా షాపు మెట్ల మీద పడుకునే తాతకి రాత్రిపూట చోటు ఎక్కడ దొరుకుతాది? తెలిసినవాళ్ళు చెప్పండి

జిరాక్స్ షాపు, ద్వారకానగర్:

అందరికీ నమస్తే అండి. మాది ద్వారకానగర్‌లో చిన్న జిరాక్స్ షాపు, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచొచ్చేంత దూరం. మా షాపు మెట్ల మీద ఏడాది పైనుంచి ఒక తాత పడుకుంటున్నాడు. రాత్రి తొమ్మిదిన్నరకి నేను షట్టర్ దించే టైముకి వచ్చి ఎదురుగా కరెంటు స్తంభం దగ్గర నిలబడతాడు, నేను తాళం వేసి బండి స్టార్ట్ చేసేదాకా మెట్టు మీద కాలు పెట్టడు. పొద్దున్న నేనొచ్చేసరికి మనిషి ఉండడు, మెట్లు మాత్రం ఊడ్చి ఉంటాయి. ఇన్నాళ్ళూ నేనూ పట్టించుకోలేదు, ఆయన పని ఆయనది నా పని నాది అన్నట్టు గడిచిపోయింది, అది తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

మొన్న అల్పపీడనం వాన రాత్రంతా కుండపోత కదా, కోచింగ్ పిల్లల మెటీరియల్ అర్జెంటని పొద్దున్న ఆరింటికే షాపు తీయడానికి వెళ్తే ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. ఎవరో పారేసిన పెళ్ళి ఫ్లెక్సీ కప్పుకుని, ఒళ్ళో ఒక గోనెసంచి పెట్టుకుని, అది తడవకుండా దాని మీదకి వంగిపోయి కూర్చున్నాడు. ఒకటే వణుకు, దగ్గు. టీ తెచ్చిస్తే గ్లాసు పట్టుకోడానికి కూడా చేతులు నిలవట్లేదు. ఊరేది తాతా అంటే టెక్కలి అవతల అన్నాడు, వయసు డెబ్బై ఉంటాయేమో, ఒకప్పుడు హార్బర్‌లో కళాసీ పని చేశాడంట, ఇప్పుడు అట్టపెట్టెలూ ప్లాస్టిక్ సీసాలూ ఏరి అమ్ముకుంటున్నాడు. పిల్లల గురించి అడిగితే తల అటు తిప్పేసుకున్నాడు, నేను మళ్ళీ అడగలేదు.

ఆ రోజే ఫ్రెండ్ చెప్పిన ఒక ప్రైవేటు వృద్ధాశ్రమానికి స్కూటీ మీద తీసుకెళ్ళాను. ఆధార్ ఉందా, ఇంట్లోవాళ్ళ సంతకం ఉందా, అడ్వాన్స్ ఎంత కడతారు అని అడిగి, ఏదీ లేదనేసరికి గుమ్మంలోంచే పంపేశారు. తిరిగొచ్చేటప్పుడు తాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు, దిగాక మాత్రం "నా కోసం నీ పని పోనాది బావూ" అన్నాడు.

జీవీఎంసీ, అదే మన వైజాగ్ కార్పొరేషన్ వాళ్ళ షెల్టర్లు ఉంటాయని విన్నాను. నిజంగా ఉన్నాయా, ఆధార్ లేకపోతే తీసుకుంటారా, డబ్బులు కట్టాలా, ఎవర్ని అడగాలి? ఇంకో పెద్ద ఇబ్బంది ఏంటంటే ఆయనే రానంటున్నాడు. "నానెక్కడికీ రాను బావూ, ఇక్కడే బాగుంది" అంటాడు. వానల్లో ఇక్కడేం బాగుంటాది చెప్పండి. మా ఆవిడ రాత్రిపూట షాపులోనే పడుకోనివ్వమంటోంది, బిల్డింగ్ ఓనర్ ఒప్పుకోవట్లేదు.

సీతమ్మధార వాలంటీర్:

తమ్ముడూ, షెల్టర్లు ఉన్నాయి, డబ్బులు ఏమీ కట్టక్కర్లేదు. నేను కొన్నాళ్ళు రాత్రిపూట రోడ్ల మీద పడుకునేవాళ్ళ లెక్కకి తిరిగిన టీమ్‌లో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పెద్దగా రాస్తున్నాను ఓపిగ్గా చదువు.

ఇవి ఎవరో దయతలచి పెట్టినవి కావు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో అన్ని రాష్ట్రాలకీ గట్టిగా చెప్పింది, పెద్ద ఊళ్ళల్లో ప్రతి లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలి, అది చలికాలం నాలుగు నెల్లు తెరిచి మూసేసేది కాదు, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండాలి అని. తర్వాత 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో నిరాశ్రయుల షెల్టర్లకి వేరేగా ఒక పథకమే పెట్టారు. మన రాష్ట్రంలో ఆ మిషన్ పని మెప్మా, అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ చూసింది, ఊళ్ళో జీవీఎంసీ యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) సెక్షన్ చూస్తాది. రోజూ నడిపేది మాత్రం స్వచ్ఛంద సంస్థలు, వైజాగ్‌లో ఎక్కువగా వినపడే పేరు ఏయూటీడీ. కాబట్టి ఆసీల్‌మెట్ట దగ్గర జీవీఎంసీ మెయిన్ ఆఫీసుకెళ్ళి యూసీడీ సెక్షన్ ఎక్కడని అడుగు, ఏ షెల్టర్లో ఖాళీ ఉంది, ఏది మగవాళ్ళకి, ఏది ఆడవాళ్ళకి అని వాళ్ళే చెప్తారు. ఫలానా చోటికి వెళ్ళిపో అని నేను ఇక్కడ రాసేసి, నువ్వు ఆ పెద్దాయన్ని మళ్ళీ స్కూటీ ఎక్కించుకుని వెళ్ళాక అక్కడ నిండిపోయి ఉంటే ఆయన ఇంక నిన్ను నమ్మడు, అందుకని ముందు కనుక్కునే వెళ్ళు.

ఆధార్ సంగతికొస్తే, నేను చూసినంతవరకు అది లేదని ఎవర్నీ బయట నిలబెట్టలేదు. పేరు, ఊరు, వయసు రిజిస్టర్లో రాసుకుంటారు, ఫోటో తీసుకుంటారు, అంతే. ఇంకో విషయం చాలామందికి తెలీదు, గుర్తింపు ఉన్న షెల్టర్లో ఉంటున్నాడని అక్కడి ఇన్‌చార్జి నిర్ణీత ఫారం మీద సంతకం పెట్టి ఇస్తే ఆధార్‌కి అదే అడ్రస్ ప్రూఫ్ కింద పనికొస్తాది. అంటే ఇల్లు లేనివాడికి అడ్రస్ పుట్టేది అక్కడే. ఓటు కూడా అంతే, ఇల్లు లేదని ఓటు ఇవ్వకుండా ఉండడానికి లేదు, ఫారం 6 ఇస్తే బీఎల్‌వో (ఓటర్ల లిస్టు చూసే బూత్ ఆఫీసరు) రాత్రిపూట ఆ మనిషి పడుకునే చోటికి వచ్చి చూసుకుని రాసుకోవాలని రూలు ఉంది.

ఇంకొక్క మాట. దయచేసి ఆ తాత ఫోటో తీసి ఎక్కడా పెట్టొద్దు. "షేర్ చేయండి, సాయం చేయండి" అని పెడతారు, ఊళ్ళో వాళ్ళ బంధువులు చూస్తారు, ఇన్నాళ్ళూ మర్యాదగా దాచుకున్నది ఆ ఒక్క పోస్టుతో పోతాది.

మర్రిపాలెం:

బ్రో, నీ మనసు మంచిదే కానీ వీళ్ళు రారు. మేము ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ దగ్గర ఇద్దర్ని ఆటో పెట్టి మరీ పంపించాం, మూడో రోజుకి మళ్ళీ అక్కడే పడుకున్నారు. దుప్పట్లిస్తే వాటినీ అమ్మేసుకున్నారు. అలవాటైపోయింది వాళ్ళకి, మనం ఏం చెయ్యలేం.

పాత కాంప్లెక్స్ మనిషి:

మర్రిపాలెం బ్రదర్, కోపం తెచ్చుకోకు, నీకు ఆ అలవాటు అన్నమాట ఎక్కడ కనపడిందో నాకు తెలుసు, నన్ను చూసి కూడా అలాగే అనేవారు. నేను ఎనిమిది నెలలు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, రైల్వే స్టేషన్ బయట, కొన్నాళ్ళు కేజీహెచ్ పెద్దాస్పత్రిలో పేషెంట్ తాలూకు మనిషిలాగా వరండాలో పడుకున్నాను. హోటల్లో మాస్టర్ పని పోయి, అద్దె కట్టలేక, ఇంటికెళ్ళి మొహం చూపించలేక. ఇప్పుడు బానే ఉన్నాను, గాజువాక వైపు ఒక మెస్‌లో చేస్తున్నాను, గది ఉంది. అందుకే రాస్తున్నాను.

దుప్పటి ఎందుకు అమ్ముకుంటారో చెప్తాను. పొద్దున్న లేచాక దుప్పటి ఎక్కడ పెట్టాలి? చంకలో పెట్టుకుని పనికి వెళ్తే ఏ హోటలోడూ లోపలికి రానివ్వడు, గోడ వెనకాల దాస్తే సాయంత్రానికి ఉండదు. పోయేదాన్ని అమ్ముకుంటే ఒక పూట టిఫిన్ అయినా వస్తాది. నేనూ ఒకటి అమ్మాను. అది కొవ్వెక్కి చేసిన పని కాదు.

షెల్టర్ నుంచి మూడో రోజు ఎందుకు తిరిగొచ్చేస్తారంటే పని ఉన్నచోటు నుంచి దూరం అయిపోతాది కాబట్టి. నాకు పొద్దున్న నాలుగున్నరకి పూర్ణా మార్కెట్‌లో మూటలు దింపే పని దొరికేది, అప్పటికి అక్కడ లేకపోతే ఆ రోజు పోయినట్టే. మొదట చెప్పిన షెల్టర్ నుంచి ఆ టైముకి బస్సు లేదు. తర్వాత ఒకాయన "నీకు పని ఎక్కడ" అని అడిగి దగ్గర్లో ఉన్న దాంట్లో వేయించాడు, అప్పుడు నిలబడ్డాను. అక్కడ మొదటి రాత్రి నిద్ర పట్టలేదు తెలుసా, ఫ్యాన్ కింద పడుకోడం వల్ల. ఎనిమిది నెలలు ఒక చెవి రోడ్డు మీద పెట్టి పడుకున్నవాడికి పక్క మంచం మీద మనిషి కదిలినా మెలకువ వచ్చేస్తాది. వారం పట్టింది. అక్కడున్న ముసలాయన ఒకడు నా చెప్పులు తలగడ కింద పెట్టించాడు, "ఇప్పుడు పడుకో" అన్నాడు, ఆ రోజు పడుకున్నాను.

షాపు తమ్ముడికి నేను చెప్పేది ఒకటే. "ఎందుకు రావు తాతా" అని అడగొద్దు, "నువ్వొచ్చేస్తే ఇక్కడ ఏం పోతాది" అని అడుగు. ఆ గోనెసంచిలో ఏదో ఉంది, లేకపోతే ఎక్కడో ఏదో పెట్టుకున్నాడు. దాని సంగతి తేలితే మనిషి వస్తాడు. ఇంకోటి, అడ్రస్ చెప్పి పంపించడం కాదు, నువ్వు కూడా వెళ్ళి ఆయనకిచ్చిన మంచం మీద పది నిమిషాలు కూర్చునిరా.

కేజీహెచ్ నర్సు అక్క:

షాపు తమ్ముడూ, నేను దగ్గు గురించి చెప్తాను, అది ముందు చూడాలి. రెండు వారాలు దాటిన దగ్గు అయితే కళ్ళె పరీక్ష చేయించాలి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. దగ్గర్లో ఉన్న అర్బన్ హెల్త్ సెంటర్లో అయినా సరే, కేజీహెచ్ ఓపీలో అయినా సరే, వాల్తేరు వైపు ఛాతీ ఆస్పత్రిలో అయినా సరే. టీబీ అని తేలితే మందులన్నీ ఫ్రీ, దానితో పాటు తిండి ఖర్చుకి నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు, ఇదివరకు 500 ఉండేది. టీబీ కాకపోతే ఇంకా మంచిది, తడిసి న్యుమోనియా పట్టే వయసు కదా. షెల్టర్లో చేర్చాక కాదు, చేర్చకముందే చూపించు, అక్కడ పక్కపక్కనే పడుకుంటారు. నడవలేని స్థితిలో ఉంటే 108కి చెయ్యి, అటెండర్ లేరని వాళ్ళు వదిలెయ్యరు.

తిండికి అన్న క్యాంటీన్ ఉంది, పూటకి 5 రూపాయలే, 2024 ఆగస్టు 15 నుంచి మళ్ళీ తెరిచారు కదా. టిఫిన్ పొద్దున్న ఏడున్నర నుంచి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి, రాత్రి ఏడున్నర నుంచి. ఆదివారం ఉండదు, ఇది గుర్తుపెట్టుకో, శనివారం రాత్రి తిన్న మనిషి సోమవారం పొద్దుటిదాకా ఏం తింటాడో మనమే చూసుకోవాలి. గురుద్వారా జంక్షన్ దగ్గర గురుద్వారాలో లంగర్‌కి ఎవరైనా వెళ్ళొచ్చు, తల మీద గుడ్డ కప్పుకుంటే చాలు, నువ్వెవరివని అడగరు.

పెద్దవాళ్ళ కోసం 14567 అని హెల్ప్‌లైన్ ఉంది, పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా తెలుగులోనే మాట్లాడతారు. వృద్ధాశ్రమం కావాలంటే డాబాగార్డెన్స్ ప్రేమ సమాజం కూడా అడిగి చూడు, 1930లో పెట్టిన సంస్థ, అనాథ పిల్లల్నీ వృద్ధుల్నీ చూస్తారు, ఖాళీని బట్టి ఉంటాది.

గోపాలపట్నం:

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా వీధి చివర ఒకావిడ ఉంటోంది, నలభై లోపే ఉంటాయి, తనలో తనే మాట్లాడుకుంటాది, చిరిగిన చీర, రాత్రిపూట ఆకతాయిలు ఏడిపిస్తున్నారు. ఆవిణ్ణి షెల్టర్‌కి పంపొచ్చా? పోలీసులకి చెప్తే మాకెందుకు అంటారేమో అని భయం.

కేజీహెచ్ నర్సు అక్క:

అమ్మా, ముందు 181కి చెయ్యి, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్, కష్టంలో ఉన్న ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ వాళ్ళకి కలుపుతారు. ఆ క్షణంలోనే ఎవరైనా వేధిస్తుంటే 112. పోలీసులు మాకెందుకు అనడానికి లేదు, 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 100వ సెక్షన్ ప్రకారం అలా తిరుగుతున్నవాళ్ళని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చాల్సిన బాధ్యత స్టేషన్ ఆఫీసర్‌దే, లాకప్‌లో పెట్టకూడదు, ఆవిడ తాలూకు వాళ్ళెవరో వెతకడానికి కేసు కూడా రాయాలి. ఈ సెక్షన్ నంబరు చెప్పు, అది చెప్పాక మాట తీరు మారడం నేను చూశాను. మనకి చినవాల్తేరులో మానసిక వైద్యశాల ఉంది, ఎప్పుడో 1871 నాటిది, శ్రీకాకుళం విజయనగరం నుంచి కూడా అక్కడికే వస్తారు. మందులు పడ్డాక ఊరి పేరు గుర్తొచ్చి ఇంటికెళ్ళినవాళ్ళు ఉన్నారమ్మా. ఆవిడ దగ్గరికి మగవాళ్ళని పంపకు, నువ్వే ఒక జత బట్టలూ, నాప్‌కిన్లూ పట్టుకెళ్ళి కూర్చో. ఎలా మాట్లాడాలో తెలీకపోతే 14416 టెలీమానస్‌కి, అంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి అడుగు, ఫ్రీ. రోడ్డు మీద పిల్లలు కనపడితే మాత్రం పిల్లల హెల్ప్‌లైన్ 1098, అది మర్చిపోకు.

సీతమ్మధార వాలంటీర్:

ఆ తాత పిల్లల సంగతి ఎవరూ ఇక్కడ ఎత్తలేదు కాబట్టి నేను చెప్తున్నాను. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది, ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో కాయితం పెడితే నెలకి 10,000 దాకా పోషణ ఖర్చు ఇప్పించొచ్చు, ఇల్లు రాయించుకుని చూడకుండా వదిలేస్తే ఆ రాత రద్దు చేయించే దారి కూడా ఉంది. లాయర్ పెట్టక్కర్లేదు, 15100కి చేస్తే ఉచిత న్యాయ సహాయం వాళ్ళు చెప్తారు. కానీ ఇది ఆయన కావాలంటేనే తమ్ముడూ. ఆయనకి చెప్పకుండా ఊరికి ఫోన్ చేసి కొడుకుల్ని పిలిపించొద్దు. నేను ఒకసారి ఆ తప్పు చేశాను, కొడుకు వస్తున్నాడని తెలిసి ఆ పెద్దాయన అదే రాత్రి షెల్టర్ వదిలి వెళ్ళిపోయాడు, తర్వాత ఎంత వెతికినా కనపడలేదు. నాలుగేళ్ళైంది, కాంప్లెక్స్ దగ్గర నడుస్తుంటే ఇప్పటికీ మొహాలు చూసుకుంటూ వెళ్తాను.

జిరాక్స్ షాపు, ద్వారకానగర్:

అందరికీ థాంక్స్ అండి, పది రోజులైంది, ఏం జరిగిందో చెప్పకపోతే బాగోదని రాస్తున్నాను.

పాత కాంప్లెక్స్ అన్న చెప్పినట్టే అడిగాను. నువ్వొచ్చేస్తే ఇక్కడ ఏం పోతాది తాతా అని. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత నన్ను సందు వెనకాలకి తీసుకెళ్ళాడు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ పక్కన ఒక మూడు చక్రాల రిక్షా బండి, చక్రానికి సైకిల్ గొలుసు, పైన టార్పాలిన్. ఏడాది నుంచి ఆ సందులో తిరుగుతున్నాను, అది ఆయనదని నాకు తెలీదు. పాత సామాన్ల కొట్టు వాడి దగ్గర వాయిదాల మీద తీసుకున్నాడంట, ఇంకా రెండు వేలు కట్టాలి. "బండి పోతే నాను ముష్టెత్తుకోవాల బావూ" అన్నాడు. మా మెట్ల మీద నుంచి చూస్తే ఆ బండి కనపడతాది, అందుకే అక్కడ పడుకునేది. గోనెసంచిలో ఉన్నది ఒక పంపూ, పంక్చర్ సామానూ, పాత హార్బర్ పాసు ఒకటి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి.

బండి మా ఇంటి కాంపౌండ్‌లో పెట్టుకోమన్నాను, అక్కయ్యపాలెంలోనే కదా మేము ఉండేది, తాళం చెవి ఆయన దగ్గరే ఉంటాది. మొదటి రెండు రాత్రులు షెల్టర్‌కి కాకుండా మా గేటు దగ్గరికే వచ్చి బండి చూసుకుని మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. మూడో రోజు కళ్ళె పరీక్షకి తీసుకెళ్ళాం, రిపోర్టులో టీబీ లేదు, ఊపిరితిత్తుల్లో నెమ్ము ఉందని మందులిచ్చారు. యూసీడీలో అడిగితే మా ఇంటికి దగ్గర్లో ఉన్న షెల్టర్‌కి పంపారు, నేనూ మా ఆవిడా ఇద్దరం వెళ్ళాం. పేరు రాసుకున్నారు, ఆధార్ అడిగారు, లేదంటే సరే అన్నారు. మంచం మీద కూర్చుని పరుపు ఒకసారి నొక్కి చూసుకున్నాడు, గోనెసంచి తలగడ పక్కన పెట్టుకున్నాడు. చెప్పులు తలగడ కింద పెట్టుకో తాతా అని నేను చెప్పాను.

మర్రిపాలెం అన్నా, ఎనిమిది రాత్రులైంది, నిన్న ఒక్కరోజు రాలేదని ఇన్‌చార్జి ఫోన్ చేశారు, కంగారుపడి వెతికితే మా గేటు లోపల బండి మీదే పడుకుని ఉన్నాడు, వాన వస్తాదని టార్పాలిన్ సరిచేద్దామని వచ్చి నిద్రపోయాడంట. లేపలేదు, ఒక దుప్పటి కప్పాను.

ఇప్పుడు ఆధార్ పని మీద ఉన్నాం. ఒకప్పుడు తీయించుకున్నాడంట కానీ నంబరు గుర్తులేదు, కార్డు పోయింది. వేలిముద్రలు అరిగిపోయి పడట్లేదు, కళ్ళతో ట్రై చేద్దాం సోమవారం రమ్మన్నారు. ఆధార్ దొరికితే రైస్ కార్డు, ఆ తర్వాత 4000 పెన్షన్‌కి పెట్టాలి. టెక్కలి వైపు పాత రేషన్ కార్డులో ఆయన పేరు ఇంకా ఉంటే అది తీయించకుండా ఇక్కడ కొత్తది ఇస్తారా లేదా, సచివాలయంలో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, ఊరికి ఫోన్ చేసే పని లేకుండా అయ్యే దారి కావాలి.